టేపులక్క నొక్కిన బటన్

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. పెద్ద డాక్టరు దగ్గర నుంచి గదులు ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ టేపులక్కే. మెట్ల కింద, కిటికీ లేని చల్లటి గదిలో, రెండు తలుపుల బీరువా అంత మెషిన్ ఒకటుంది. దాని కడుపులో నలభై అరలు. అరకొక టేపు పడుతుంది, అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. లోపల ఒక ఇనప చెయ్యి పైకీ కిందికీ తిరుగుతూ, అడిగిన టేపును లాగి చదివే పెట్టెలో పెడుతుంది, పని కాగానే మళ్ళీ దాని అరలో సర్దుతుంది. రోగుల పాత ఎక్స్‌రే బొమ్మలన్నీ ఆ టేపుల్లోనే ఉంటాయి. ఇరవై రెండేళ్ళలో ఏ బొమ్మ అడిగినా ఆవిడ లేదన్నది లేదు. ఆ సంగతి తనే రోజుకు నాలుగుసార్లు చెప్పుకునేది. వినేవాళ్ళకు విసుగొచ్చేది గానీ, అబద్ధమనడానికి ఎవరికీ నోరు రాలేదు.

చెల్లెలి మొగుడికి అక్కడ ఉద్యోగం వేయించింది కూడా ఆవిడే. ఏ వైరు ఏ కన్నంలో పెట్టాలో తెలియకుండా వచ్చినవాడు, ఆరేళ్ళు తిరిగేసరికి మేడ మీద కంప్యూటర్లన్నిటికీ పెద్దయి కూర్చున్నాడు. చేతిలో పని కన్నా నోట్లో మాట ముందు పరిగెత్తే రకం.

ఒకరోజు పొద్దున్నే అతను గదిలోకి వచ్చాడు.

"వదినా, రక్త పరీక్షల వాళ్ళకి కూడా ఈ మెషిన్‌లో చోటు కావాలట. రెండు భాగాలు చెయ్యాలి. మనం లెక్కలు వెయ్యక్కర్లేదు, ఆటోమేటిక్‌గా అదే పంచుకుంటుంది. ఒక్క బటన్ నొక్కడమే."

"సరే, ముందు టేపులన్నీ బయటికి తియ్యనీ."

"ఎందుకండీ?"

"ఎందుకేమిటయ్యా! దానికి లెక్క తెలుసు గానీ మంచీ చెడూ తెలుసా? నలభై అరల్నీ మధ్యకి కోసి, ఇరవై మనకి, ఇరవై వాళ్ళకి అంటుంది. మన టేపులేమో ముప్ఫై ఒకటి. మిగతా పదకొండూ వాళ్ళ వాటాలో పడవూ?"

"అవన్నీ పాత మెషిన్ల సంగతులు వదినా. కంపెనీ వాళ్ళని అడిగాను. టేపు మీద చీటీ చూసి ఎవరివి వాళ్ళకే ఉంచుతుందట."

"నిజంగా అడిగావా?"

"అడక్కుండా మీ ముందుకొస్తానా? తిట్లు తినడానికా? పన్నెండింటికి డైరెక్టర్ గారు ఎవరినో తీసుకొస్తున్నారు. మీ పాస్‌వర్డుతోనే తెరవండి. ఇదంతా మా వదిన చేసిందని నలుగురిలో చెప్పుకోవాలని నాకుండదా?"

పరాయివాడైతే కంపెనీ కాగితం చూపిస్తే గానీ కదిలేది కాదావిడ. ఇతనేమో ఇంటి మనిషి, తన ఇంట్లో ఆరేళ్ళుగా చెయ్యి కడుగుతున్నవాడు. తెర మీద మెషిన్ అడగనే అడిగింది, అరలన్నీ ఖాళీ చేశారా అని. ఆవిడ వేలు ఒక్క క్షణం ఆగింది. మరిది తలూపాడు. అవునని నొక్కింది. ఇనప చెయ్యి నాలుగు నిమిషాలు గిరగిరా తిరిగి ఆగింది. తెర మీద రెండు సగాలు ముచ్చటగా కనపడ్డాయి. డైరెక్టరు వచ్చాడు, చూశాడు, భేష్ అన్నాడు. అప్పుడు మరిది వదిన పేరు ఎత్తనే లేదు.

మధ్యాహ్నం రక్త పరీక్షల వాళ్ళ సగం పని మొదలుపెట్టింది. దాని వాటాలో ఉన్న పదకొండు టేపులూ దానికి కొత్త ముఖాలే. ఖాళీవనుకుని రాయడం మొదలెట్టింది. టీ గ్లాసుతో లోపలికి వచ్చిన టేపులక్కకు ఇనప చెయ్యి ఇరవై మూడో అరలోంచి టేపు లాగడం కనపడింది. అందులో ఉన్నవి చిన్నపిల్లల ఎముకల బొమ్మలు. గ్లాసు ఎక్కడ పడేసిందో తెలియదు, పరిగెత్తి మెషిన్ ఆపింది. అప్పటికే మూడు టేపులు పోయాయి. కొత్త రాత పడ్డ టేపులోంచి పాతది తియ్యడం ఇక ఎవరి తరమూ కాదు.

మర్నాడు డైరెక్టరు గదిలో పంచాయితీ.

"ఖాళీ చెయ్యమని చెప్పాను సార్," అన్నాడు మరిది, గోడ గడియారం వైపు చూస్తూ. "మెషిన్ కూడా అడిగింది. ఆవిడ పేరు మీదే అవునని ఉంది, చూడండి."

"ఆవిడ మీ వదిన గారు కదా?"

"ఇల్లు ఇల్లే, ఉద్యోగం ఉద్యోగమే సార్."

ఏం జరిగిందో రాసుకుని రేపు రమ్మన్నాడు డైరెక్టరు.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. వచ్చీ రాగానే కళ్ళు ఒత్తుకోవడం మొదలుపెట్టింది.

"అక్కా, మరిచిపోయానని రాసెయ్యవే. ఆయనకిది పై మెట్టెక్కే సమయం. నీదేం పోయింది, ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యేదానివి."

"నా పేరు పోయిందే."

"నీకున్న పేరుకి ఎవరూ ఏమీ అనరు. ఆయన ధైర్యం కూడా అదే. వదినని ఎవరేమంటారులే అనుకునే..."

"ఎప్పుడనుకున్నాడు?"

చెల్లెలి ఏడుపు ఠక్కున ఆగింది.

"నిన్నే అడుగుతున్నా. ఎప్పుడనుకున్నాడు?"

"ముందు రోజే. ఖాళీ చెయ్యాలంటే ఒక పూట పడుతుందట, పన్నెండింటికి కాదట. తేడా వస్తే తన మీదికి రాకుండా నీ పాస్‌వర్డు అయితే నయమన్నారు. నేను వద్దనే అన్నానక్కా."

"వద్దన్నది ఆయనతో. నాతో ఏమన్నావు?"

చెల్లెలు లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

టేపులక్క రాసింది మూడే ముక్కలు. 'అవునని నొక్కింది నేను. ఖాళీ అక్కర్లేదన్నది మా మరిది. ఈ సంగతి మా చెల్లెలికి తెలుసు.' మర్నాడు డైరెక్టరు తన గదిలో మరిది ముందే అది చదివి, అక్కడే చెల్లెలికి ఫోను కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"నాకేమీ తెలియదండీ," అంది చెల్లెలి గొంతు. అంతటితో ఆగక, "మా అక్కకి ఈమధ్య మరుపు ఎక్కువైంది," అంది.

మరిది తల దించుకున్నాడు. సిగ్గుతోనో, నవ్వు దాచుకోవడానికో ఆవిడ చూడలేదు. నడుముకున్న టేపుల గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, ఫోను మీదికి వంగింది.

"అవునే తల్లీ, మరుపే," అంది. "ఇవాళ్టి నుంచి ముందు నిన్నే మరిచిపోతాను."