గోడకు అటు దోస్తు, ఇటు నేను

పాలమూరులో నాకు పన్ను నొప్పి లేస్తే ఆత్మకూరులో నా దోస్తు లవంగం నములుతాడని ఊరూరా చెప్పినవాణ్ణి నేను. దావతుల్లో మమ్మల్ని చెరో మూల కూర్చోబెట్టి ఏదడిగినా ఇద్దరం ఒకటే జవాబు చెప్పేవాళ్లం. ముందే కూడబలుక్కుంటామన్న సంగతి మూడో మనిషికి తెలియదు. కొత్త జిల్లాలొచ్చి మా ఊళ్లు వేరుపడ్డాక కథ ఇంకా రక్తి కట్టింది.

దోస్తు బిడ్డ హైదరాబాదులో ఫిజిక్స్ చదువుతోంది. ఒక ఆదివారం వాళ్లింట్లో నన్ను పట్టుకుంది.

"కాకా, జంట కణాలు గూడ మీ లెక్కనే. ఎంత దూరమున్నా జవాబులు కలుస్తయి. ముందే మాట్లాడుకున్నయేమో అనుకున్నరు. పరీక్ష పెట్టి చూస్తే, ముందు మాటతోని గంతగనం కలవయని తేలింది. మీకూ పెడ్త."

గోడకు అటు దోస్తు, ఇటు నేను. ఇద్దరి దగ్గరా రూపాయి బిళ్ల ఎగరేసి, పడినదాన్ని బట్టి "చాయ్ తాగుతవా?" అనో "కల్లు తాగుతవా?" అనో అడుగుతారు. మా జవాబులు కలవాలి. ఇద్దరికీ కల్లే వస్తే మాత్రం కలవకూడదు. అవతల ఏమడిగారో తెలియదు కనుక, ఎంత కూడబలుక్కున్నా ఎక్కడో దొరికిపోవాల్సిందే.

"ఏదడిగినా అవునందాం," అని దోస్తు నా చెవిలో ఊదాడు.

వంటింట్లో నన్ను అడిగింది అతని భార్య. గంజు మీద మూత పెడుతూ, తీస్తూ అడిగింది. నేను అన్నిటికీ అవునన్నాను.

ఒక్కటీ తప్పలేదు! ఇద్దరికీ కల్లు వచ్చినప్పుడల్లా అవతల అతను కాదన్నాడట.

"కణాలు గూడ గింత గెలవయి కాకా!" అంది పిల్ల.

ఒళ్లు జల్లుమంది. ఇన్నేళ్లు నేనల్లిన అబద్ధం నిజమైపోయింది. దోస్తును కావలించుకున్నాను. "మనం ఒకటేరా, నిజంగనే!" కళ్లలో నీళ్లు.

ఇంటిల్లిపాదీ విరగబడి నవ్వారు.

"అన్నా, నీకు కల్లు వచ్చినప్పుడల్లా గోడ అవతలికి ఇనబడేటట్టు మూత చప్పుడు జేసిన గద!" అంది దోస్తు భార్య.

"అందుకే అసలు పరీక్షల్ల కబురందనంత దూరం బెడ్తరు," అంది పిల్ల. "మీరు ముందే కూడబలుక్కునే ముచ్చట బాపు మాకు ఎప్పుడో చెప్పిండు, కాకా."

దోస్తు అందరికన్నా గట్టిగా నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. కూర బాగుందన్నాను.

ఆ రాత్రి దోస్తు ఫోన్ చేశాడు. "యాడిదాక పోయినవ్‌రా? కోపమొచ్చిందా?"

ఇంకా ఆత్మకూరు బస్టాండు బెంచీ మీదే ఉన్నాను. "కోపమెందుకురా? ఇంటికొచ్చిన, పండుకున్న," అన్నాను.

ఎందరికో ఎన్నో చెప్పాను గాని, అతనికి చెప్పిన మొదటి అబద్ధం అదే. నమ్మాడు.