బుధవారం దాకా

సాన్ పెద్రోకి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఇగ్వామో నది. గాలి ఎప్పుడూ పిండని బట్టలా ఉంటుంది. అలాంటి ఊళ్ళో జుట్టుని నున్నగా ఆరబెట్టి, అది అలాగే నిలబడేలా చెయ్యడమంటే మాటలు కాదు. పార్లర్ నడిపే నెరెయిదాకి మాత్రం మాటలే. "శనివారం నా కుర్చీలో కూర్చుని లేస్తే బుధవారం దాకా ఒక్క వెంట్రుకా లేవదు. లేచిందా, నా దగ్గరికి రండి, అందరి ముందూ తల దించుకుంటాను" అనేది. ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు. ధైర్యం చాలక రాలేదని దోన్యా కసిల్దా అంటుంది (పెద్దావిడల్ని ఇక్కడ గౌరవంగా దోన్యా అంటారు) కానీ, ప్రతి శనివారం అందరికన్నా ముందొచ్చి కూర్చునేది ఆవిడే.

సామాన్ల విషయంలో నెరెయిదాకి ఒకరి సలహా గిట్టదు. తలని తువాలుతో రుద్దేవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. పాత బనీను గుడ్డతో అద్దాలి, అంతే. దాల్చినచెక్క వాసనొచ్చే కండిషనర్ చివర్లకే తప్ప మాడుకి తగలకూడదు. నునుపు కోసం వేసే నూనె చుక్కలు అరచేతిలో కనబడేంత ఉంటే ఎక్కువైనట్టే. గుండ్రటి బ్రష్ పందివెంట్రుకలదే కావాలి, ప్లాస్టిక్‌ది జుట్టుని పట్టుకోదు, గోకుతుంది. ఇక డ్రైయర్ ఇటలీ నుంచి వచ్చింది, నల్లది, ఇటుకంత బరువు. దాని మూతికి తొడిగే సన్నటి ముక్కు ఎప్పుడూ కిందికే చూడాలి, మొదలు నుంచి కొసకి. పైకి చూపించావంటే వెంట్రుకలన్నీ లేచి నిలబడి నీకు సలాం చేస్తాయని ఆవిడ పాఠం.

అయితే డ్రైయర్ దాకా రావాలంటే ముందు రోలోలు దాటాలి. తడి జుట్టుని పాయలు తీసి, బిగించి పెద్ద పెద్ద ప్లాస్టిక్ గొట్టాలకి చుట్టి, వేడి టోపీ కింద కూర్చోబెడతారు. ఈ ఊళ్ళో శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళు తలనిండా రోలోలతోనే బజారుకెళ్ళి ఉల్లిపాయలు బేరమాడతారు, అవసరమైతే పోట్లాడతారు కూడా. అందులో సిగ్గేమీ లేదు. ఆ ఇంట్లో సాయంత్రం ఏదో ఉందని వీధి అర్థం చేసుకుంటుంది. రోలోలు విప్పి, డ్రైయర్‌తో సాపు చేశాక చివరి పని తూబి. జుట్టునంతా తలపాగాలా తల చుట్టూ తిప్పి, పిన్నులు గుచ్చి, వల తొడుగుతారు. తెల్లారి విప్పితే జారుతుంది చూడండి, దాని కోసమే ఇంత గొడవ.

నెరెయిదా తూబిని కుడికి చుడుతుంది. యుదెల్కా ఎడమకి చుడుతుంది, ఆమెది ఎడమచేతి వాటం. చెరకు తోటల పక్కనుంచి చిన్నపిల్లగా వచ్చి, నెరెయిదా ఇంటి వెనక గదిలోనే ఉండి, అక్కడే పని నేర్చుకుని పెద్దదయింది. నెరెయిదాకి పిల్లల్లేరు. ఆవిడ తల ఇన్నేళ్ళూ యుదెల్కాయే చూసేది. ప్రతి శనివారం ఆఖరి తల అదే, ఎడమకి చుట్టిన తూబి అదే.

ఆ ఎడమ చెయ్యి దగ్గరే గొడవ వచ్చింది. కార్నివాల్ ముందు, కుర్చీలన్నీ నిండి ఉన్న రోజున, యుదెల్కా ఒక కొత్త డ్రైయర్ తెచ్చింది. చిన్నది, తేలిక, చప్పుడు కూడా తక్కువ.

"ఇదేంటే, కోడిపిల్లల్ని ఆరబెట్టడానికా?" అంది నెరెయిదా. పార్లరంతా నవ్వింది.

"మీ భుజం కోసం తెచ్చాను, దోన్యా. రాత్రుళ్ళు మూలుగుతున్నారు. దీని బరువు సగం కూడా లేదు."

అది ప్రేమతో అన్న మాటే. కానీ అంతమంది ముందు తన భుజం సంగతి బయటపడేసరికి నెరెయిదాకి చుర్రుమంది.

"నా భుజం సంగతి తర్వాత. ముందు నీ చెయ్యి సంగతి చూసుకో. ఎడంచేతి చుట్టు బుధవారం చూడదు."

ఎవరూ నవ్వలేదు. అది అబద్ధమని అక్కడున్న అందరికన్నా నెరెయిదాకే బాగా తెలుసు, ఆ పూట తన తలమీదున్నదే ఎడంచేతి చుట్టు. అయినా మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆవిడకి లేదు. యుదెల్కా గది ఖాళీ చేసి, సరిగ్గా ఎదురుగా సొంత పార్లర్ తెరిచింది. అందులో రోలోలు లేవు. రోలోలు పాతకాలం, తల కడిగి నేరుగా డ్రైయర్ పట్టడమే ఇప్పటి పద్ధతి అని చెప్పుకుంది.

అప్పట్నుంచి నెరెయిదా తలకి పువ్వుల గుడ్డ కట్టుకుని తిరుగుతోంది. ముందువైపు ఎలాగో తనే చేసుకుంటుంది. ఆ నొప్పి భుజంతో మెడ వెనక్కి కుడి చెయ్యి అందదు. అక్కడి జుట్టంతా పీచులా లేచి ఉంటుంది. అడిగినవాళ్ళకి ఒకసారి జలుబంది, ఒకసారి ఎండంది. ఇంకొకరి చేత చేయించుకోవచ్చు కదా అంటే, నా తలకి చాలిన చెయ్యి ఈ ఊళ్ళో లేదంది. ఎదురు పార్లర్ వైపు చూడకుండానే అంది.

ఇప్పుడు మే ఆఖరి ఆదివారం, అమ్మల పండుగ, నెత్తిమీదికొచ్చింది. ఆ రోజు పొద్దున చర్చిలో పూజకి వీధిలోని ఆడవాళ్ళంతా జుట్టు విరబోసుకుని వస్తారు. ఊరందరి తలలూ తీర్చిన మనిషి తన తలకి గుడ్డ కట్టుకుని కూర్చుంటే జలుబు కబుర్లు ఎవరూ నమ్మరు. ఆ సంగతి ఆవిడని వారం నుంచీ తొలుస్తోంది.

ముందు రోజు శనివారం పార్లర్ కిటకిటలాడుతుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ కాసేపు గుర్రుమని పడుకుంది. వేడి టోపీల కింద రోలోలతో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా విద్యుత్తు సంస్థని తిట్టారు.

"తిట్టింది చాలు. కుర్చీలు పట్టుకుని బయటికి నడవండి" అంది నెరెయిదా. "సూర్యుడికి ఏ తీగా అక్కర్లేదు. రోలో బిగువుగా ఉంటే జుట్టు ఎక్కడైనా ఆరుతుంది."

గోడవారన ఎండలో వరసగా కూర్చున్నారు, రోలోల మీద వలలు తొడుక్కుని. మోటారుసైకిలు మీద పోతున్నవాడు ఆగి, "దోన్యాలూ, ఆ తలలకి ఏ చానల్ వస్తుంది?" అనడిగాడు.

"నీ పెళ్ళాం ఎవరితో ఉందో చూపించే చానల్. ఇంటికెళ్ళి చూసుకో" అంది కసిల్దా.

ఎదురుగా యుదెల్కా పార్లర్ ముందు నవ్వుల్లేవు. రోలోలు లేని తడి తలలు నలుగురివి. గాలి తగిలినకొద్దీ జుట్టు పొంగుతోంది. ఒకామెది సగం ఆరేసరికి కరెంటు పోయినట్టుంది, ఒక చెవివైపు పట్టు, ఇంకో చెవివైపు కొబ్బరిపీచు. నెరెయిదా ఆ దృశ్యాన్ని కాఫీ తాగినంత హాయిగా చూసింది. తర్వాత యుదెల్కా అట్టముక్క పట్టుకుని ఒక తలకి విసరడం మొదలుపెట్టింది. అది చూశాక కాఫీ చేదెక్కింది.

కాసేపటికి యుదెల్కా వీధి దాటి వచ్చింది.

"రోలోలు కావాలి, దోన్యా."

"పాతకాలపు వస్తువులు కదే అవి. కొత్తకాలం తలలకి పడతాయో లేదో."

"పడతాయి. ఇవ్వండి. నామీద కోపం వాళ్ళ తలలమీద తీర్చుకోకండి."

నెరెయిదా లోపలికెళ్ళి బుట్ట నిండా రోలోలు తెచ్చి చేతిలో పెట్టింది. "ఏ వైపు చుట్టుకున్నా సరే, బిగువు మాత్రం వదలకు" అంది.

యుదెల్కా బుట్ట తీసుకుంది కానీ కదల్లేదు. నెరెయిదా తలగుడ్డ వైపు చూస్తోంది. బుట్ట కింద పెట్టి, ఆవిడ వెనకవైపుకి వెళ్ళి, గుడ్డ ముడి విప్పేసింది. గోడవారనున్న వాళ్ళంతా కుర్చీల్లో ముందుకి వంగారు.

"కుడికి చుట్టారా?"

"నాది కుడిచెయ్యి. ఇంకెటు చుట్టను?"

"ఇన్నేళ్ళు ఎడమకి పడుకున్న జుట్టు ఇది. ఉన్నట్టుండి కుడికి పొమ్మంటే పోతుందా?" యుదెల్కా మెడ దగ్గరి పీచుని వేళ్ళతో సర్దింది. "ఇక్కడికి చెయ్యి అందడం లేదు కదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "అందడం లేదు" అంది నెరెయిదా. తనకి చేతకానిది ఒకటుందని ఆవిడ చెప్పడం ఆ వీధి వినడం అదే మొదటిసారి.

యుదెల్కా గుడ్డ మళ్ళీ కట్టేసింది. "కరెంటు రానివ్వండి" అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి "కరెంటొచ్చింది" అన్న కేక ఇంటింటి నుంచీ లేచింది. రెండు పార్లర్లలోనూ ఉన్న తలలన్నీ పూర్తయి వెళ్ళిపోయాక యుదెల్కా వచ్చింది. చేతిలో ఆ చిన్న డ్రైయర్.

"అది నా తలకి తగలడానికి వీల్లేదు."

"మీ ఇటుక మొయ్యడం నావల్ల కాదు. ఇదయితేనే చేస్తాను."

నెరెయిదా ఆలోచించింది. "మెడ దగ్గరవరకే" అంది.

మెడ ఎక్కడ ఆగుతుందో ఇద్దరూ తేల్చుకోలేదు. రోలోల్లో జుట్టు ఆరి, వాటిని విప్పాక చిన్న డ్రైయర్ మెడ దగ్గర మొదలై, చెవుల వెనక్కి వచ్చి, అట్నుంచి నడినెత్తి దాకా పోయింది. నెరెయిదా నోరు మాత్రం ఊరుకోలేదు.

"ముక్కు కిందికి. మొదలు నుంచి కొసకి."

"మీరు నేర్పిందే, దోన్యా."

"నేర్పాను కాబట్టే చెప్తున్నా. చుక్కలు ఎక్కువ వెయ్యకు."

తర్వాత జుట్టు ఎడమకి తిరగడం మొదలైంది. ప్రతి పిన్నూ మాడుకి తగలకుండా జారుతోంది. నెరెయిదా కళ్ళు మూసుకుంది. ఇన్ని నెలలూ తన తలకి కరువైంది పని కాదు, ఆ చెయ్యి. అది ఆవిడకి ఆ కుర్చీలో స్పష్టంగా తెలిసింది, తెలిసినందుకు కొంచెం ఏడుపూ వచ్చింది. డ్రైయర్ వేడి అని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం పూజలో గుడ్డ లేదు. జుట్టు ఎడమ భుజం మీదికి ఒరిగి పడింది. వెనక బెంచీ నుంచి కసిల్దా ముందుకు వంగి, "ఇవాళ గాలి ఎడమవైపుకి వీస్తున్నట్టుందే" అంది.

"పూజ విను" అంది నెరెయిదా.

మధ్యాహ్నం యుదెల్కా కందులు వేసి వండిన అన్నం గిన్నెతో వచ్చింది. ఇద్దరూ కడుపునిండా తిన్నారు. అన్నీ మాట్లాడుకున్నారు, ఎడంచేతి చుట్టు మీద అన్న ఆ ఒక్క మాట తప్ప. అది మాత్రం వీధిలో అందరికీ గుర్తున్నట్టే ఇద్దరికీ గుర్తుంది.

సోమవారం వాన. మంగళవారం వాన వెలిసి, ఉక్క. ఆదివారం నుంచి మూడు రాత్రులూ నెరెయిదా అద్దం ముందు నిలబడి, తూబి ఎడమకే చుట్టుకుంది, చెయ్యి పోయినంత మేర.

బుధవారం పొద్దున ఆవిడ వీధి దాటి యుదెల్కా పార్లర్‌లోకి వెళ్ళింది. కుర్చీలో ఉన్న ఆడమనిషి గబుక్కున తువాలు ముఖం మీదికి లాక్కుంది.

"తువాలు తియ్యి కసిల్దా, నీ చెప్పులు నాకు తెలుసు."

"ఊరికే చూసిపోదామని వచ్చాను" అంది తువాలు కిందనుంచి కసిల్దా.

"మంచిదయింది. ఆ రోజు నా మాట విన్నవాళ్ళలో నువ్వూ ఉన్నావు కదా, ఇప్పుడు చూడు కూడా." నెరెయిదా యుదెల్కా వైపు తిరిగింది. "ఇవాళ ఏ వారమే?"

యుదెల్కా చేతిలో బ్రష్ ఆగింది. "బుధవారం, దోన్యా."

నెరెయిదా వెనక్కి తిరిగింది. రెండు చేతులతో జుట్టుని ముందుకి తీసుకుని, మెడ అందరికీ కనిపించేలా తల దించింది. దించి, అలాగే నిలబడింది.

యుదెల్కా వచ్చి వేలితో మెడ మీద రాసి చూసింది. "ఒక్కటి కూడా లేవలేదు" అంది.

"నాకు తెలుసు" అంది నెరెయిదా తల ఎత్తకుండానే. "కసిల్దాకి కనిపించిందా లేదా అడుగు."