జారిన స్వరంతో సహా

వెనక కూర్చుని వాయించేవాళ్ల వైపు ఎవరూ చూడరు. చూశారంటే ఏదో తప్పు జరిగిందన్నమాట. జొన్నాడ దగ్గర ఆ ఫంక్షన్ హాల్లో ముందు వరసలన్నీ ఒక్కసారిగా నా వైపు చూశాయి. తప్పు నాదే అనుకున్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మాది వేదం చెప్పుకునే ఇల్లు. నాన్నగారు పొద్దున్నే వీధిగదిలో విద్యార్థుల్ని కూర్చోబెట్టుకుని సంత చెప్పేవారు. ఆయన ఒకసారి అనేవారు, వాళ్లు రెండుసార్లు అనేవారు. ఆడపిల్లని కాబట్టి నన్ను కూర్చోమనలేదు. గోడకి ఇవతల వంటింట్లో కూరలు తరుగుతూ విన్నదే విన్నాను. ఆ పిల్లల చదువు పూర్తయ్యేసరికి సగం నాకూ వచ్చేసింది. ఎవరైనా స్వరం తప్పితే నాన్నగారు ఆపేలోపలే కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయేది. ఈ సంగతి నాన్నగారికి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ముప్ఫై దాటాక ఒకరోజు ఫోన్లో జాజ్ గిటార్ విన్నాను. ముందు అందరూ ఎరిగిన పాట ఒకసారి వాయించేశారు. తర్వాత దాని కింద నడిచే కార్డ్స్, అంటే ఒక్కసారిగా కలిపి మోగించే స్వరాలు, అలాగే ఉంచి, పైన అప్పటికప్పుడు పుట్టిన స్వరాలు వాయించడం మొదలుపెట్టారు. ఒక్క స్వరం అటూఇటూ అయితే మహాపాపం అనే ఇంట్లో పెరిగినదాన్ని. నాకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు గిటార్ కొన్నాను.

గిటార్ ఇంటికి తెచ్చిన సాయంత్రం నాన్నగారు ఏమీ అనలేదు. లేచి తన గది తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆ తర్వాత రెండున్నరేళ్లు దాని మాటెత్తలేదు. తిట్టినా బావుండేది.

నేర్పేవాళ్లని వెతుక్కుంటూ రావులపాలెం వెళ్తే మాస్టారు దొరికారు. ఆయనది రాజోలు వైపు. మస్కట్‌లో ఒక హోటల్లో వెయిటర్‌గా చేరి, అక్కడి బ్యాండు వాళ్ల దగ్గర నేర్చుకుని, చివరికి అదే బ్యాండులో వాయించి తిరిగొచ్చిన మనిషి. అరటిగెలల మార్కెట్ వెనక మేడ మీద ఆయన గది. కింద లారీలకి గెలలెక్కించేవాళ్ల కేకలు, పైన మా కార్డ్స్. మొదటిరోజు నేను ఆరు తీగలూ కలిపి బరబరా గీకుతుంటే ఆయన చెవులు మూసుకున్నారు.

“అన్ని తీగలెందుకమ్మా? రెండు మూడు చాలు. మేజరో మైనరో చెప్పే స్వరం ఒకటి, తర్వాత ఎటెళ్లాలో చెప్పే స్వరం ఒకటి. మిగతా చోటు సోలో వాయించేవాడికి వదిలెయ్యాలి. పక్కనుండాలి గానీ అడ్డుండకూడదు. ఆయ్.”

ఇంత మంచి మాట నాకు ఎవరూ చెప్పలేదనిపించింది. తాళం దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ మధ్య కార్డు వెయ్యడం నేర్పేరు. వెయ్యకుండా ఊరుకోవడం కూడా నేర్పేరు. అప్పుడప్పుడు నన్ను సోలో వాయించమని, తను కింద కార్డ్స్ వేస్తూ, పాట ఇంటికి చేరే చోట ఉన్నట్టుండి హుషారైన మేజర్ బదులు దిగులుగా వినపడే మైనర్ వేసేవారు. నేను పాత స్వరమే పట్టుకుని ఉంటే రెండూ కలిసి చెవిలో గరగరలాడేవి.

“కింద నేల కదిలితే పైవాడు కాలు సద్దుకోవాలమ్మా. సద్దుకోలేదంటే అది జాజ్ కాదు, అప్పజెప్పడం.”

ఏడాది తిరిగేసరికి ఫంక్షన్లకి నన్ను వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టారు. సోలో ఆయనది, కింద కార్డ్స్ వేసే వెనకవాటం నాది. నాకు కావలసిందల్లా ఒక్కటే. పదిమంది ముందు, ఒక్క పాటలో, ఒక్కసారి, పాట ఒక చుట్టు తిరిగేంత, ముప్ఫై రెండు బార్లు నావి వాయించాలి. అడిగితే నవ్వేవారు.

“వెనకవాటం నీకంత బాగా ఇంకెవరికీ రాదమ్మా. సోలో అంటే మరి... మీది వల్లెవేసే ఇల్లు కదా. కొత్తది పుట్టాలంటే రక్తంలో ఉండాలి.”

నమ్మాను. ఆ మాట అన్నందుకు కాదు, నేను నమ్మినందుకు నా మీద నాకు ఎక్కువ కోపం. నమ్మి కూడా వదల్లేదు. ప్రతి ఆదివారం ఇంట్లో ఒక సోలో తయారుచేసి రికార్డు చేసి ఆయనకి వాట్సాప్‌లో పంపేదాన్ని. సోమవారం ఒకటే జవాబు వచ్చేది: “కుదర్లేదమ్మా.”

పోయిన కార్తీకంలో నాకో ఆలోచన వచ్చింది. వేదంలో జట అని ఒక పద్ధతి ఉంది. రెండు పదాలు ముందుకి, అవే వెనక్కి, మళ్లీ ముందుకి చెబుతూ, గొలుసులాగా అల్లుకుంటూ వెళ్తారు. గోడ ఇవతల అదీ వింటూనే పెరిగాను. వల్లెవేసే ఇల్లే అయితే ఆ వల్లెతోనే ఎందుకు మొదలుపెట్టకూడదు? స్వరాల్ని జంటలుగా ముందుకీ వెనక్కీ ముందుకీ వాయిస్తూ, ప్రతి చుట్టులో కార్డుని బట్టి ఒక్కో స్వరం మార్చుకుంటూ వెళ్లాను. వేళ్లు తమంతట తామే వెళ్లాయి. మూడో చుట్టు చివర మాత్రం చిటికెనవేలు అందక ఒక స్వరం జారిపోయింది. మళ్లీ మళ్లీ వాయించినా అక్కడే జారేది. అయినా పంపాను. పంపి, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

“కుదర్లేదమ్మా. మన జాజ్‌లా లేదు.”

ఆ వైశాఖంలో జొన్నాడ రిసెప్షన్‌కి వెళ్లాం. సాయంత్రం ఆరింటికి, హైవే వైపు తలుపులన్నీ బార్లా తీసి ఉన్న హాలు. రెండో పాటలో మాస్టారు లేచి నిలబడి కళ్లు మూసుకున్నారు. కళ్లు మూసుకున్నారంటే సోలో. నేను కింద కార్డ్స్ వేస్తున్నాను. రెండు స్వరాలు ముందుకి వచ్చాయి. అవే వెనక్కి. మళ్లీ ముందుకి.

మొదట సంతోషం వేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగా సంతోషమే. ఇదుగో, ఇప్పుడు నా వైపు తిరిగి మిగతాది నన్ను వాయించమంటారు అనుకున్నాను. తిరగలేదు. మూడో చుట్టు వచ్చింది. చివర ఒక స్వరం జారింది. ఆయనవి పొడుగాటి వేళ్లు, అందకపోవడమనేది లేదు. నా చిటికెనవేలు చేసిన తప్పుని ఆయన కష్టపడి నేర్చుకున్నారు. ఎన్నిసార్లు ఆ రికార్డు పెట్టుకుని విని ఉంటారు! జనం చప్పట్లు కొడుతున్నారు. నా సోలోకి నేనే వెనకవాటం వాయిస్తున్నాను.

వాయించడం ఆపలేదు. పాట ఇంటికి చేరే చోట, ఆయన నాకు నేర్పినట్టే, మేజర్ బదులు మైనర్ వేశాను. అప్పటికప్పుడు పుట్టిందే అయితే వినాలి, సద్దుకోవాలి. ఆయన సద్దుకోలేదు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే అప్పజెప్పుకుంటూ వెళ్లిపోయారు. హాలంతా గరగరమంది. అప్పుడే అందరూ నా వైపు చూశారు. మాస్టారు కళ్లు తెరిచి, మైకు దగ్గరికి వంగి, ముద్దుగా నవ్వేరు.

“అమ్మాయి ఇంకా నేర్చుకుంటోందండీ.”

అందరూ నవ్వారు. పెళ్లికూతురు కూడా.

భోజనాల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. పూతరేకు కాగితం విప్పుకుంటున్నారు.

“మాస్టారూ, మీరిందాక వాయించింది నేను పంపిందండీ.”

“ఏదమ్మా?”

“కుదర్లేదన్నారే, అది.”

కాసేపు నమిలేరు. “చేతికి ఎలా వస్తే అలా వాయించేను. ఎక్కడో విన్నదే అయ్యుంటుంది. ఇందులో నాదీ మీదీ అని ఏముంటుందండీ?”

ఇన్నాళ్లలో ఆయన నన్ను అండీ అనడం అదే మొదలు. ఆ మర్యాదతోనే నాకు అంతా అర్థమైపోయింది. తప్పు చేసినట్టు ఆయనకి తెలుసు. నా గిటార్ సంచీలో పెట్టుకుని కొత్తపేట బస్సెక్కాను.

మర్నాడు ఆ రిసెప్షన్ వీడియో మా చుట్టాల గ్రూపులోకి వచ్చింది. నాన్నగారు నన్ను పిలిచి అది పెట్టమన్నారు. వద్దన్నాను. “పెట్టమ్మా” అన్నారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పిల్లలకి చెప్పేటప్పటిలాగే మోకాలి మీద వేళ్లతో లెక్కపెడుతూ విన్నారు. మూడో చుట్టు చివర ఆయన వేలు గాల్లో ఆగింది.

“ఇది నీది కదూ. జట.”

నేను వీడియో ఆపేశాను.

“కార్తీకం నుంచీ వింటున్నాను. అక్కడొకటి జారుస్తున్నావు. చెబుదామనుకుంటూనే ఉన్నాను. మీ మాస్టారు అది కూడా వదల్లేదే!”

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. “వింటూ ఉంటే మరి ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పచ్చుగా నాన్నగారూ” అని గట్టిగా అరిచాను. ఒక్క మాట, బావుందనో బాగాలేదనో. ఆ ఒక్క మాట కోసం కాదూ నేను ఆదివారం ఆదివారం ఆ మనిషికి పంపింది! నాన్నగారు తల వంచుకున్నారు. తర్వాత, “గిటార్ తీసుకురా. సరిగ్గా వాయించు” అన్నారు.

తెచ్చాను. ఆయన ఎదురుగా కూర్చుని ఎప్పుడూ వాయించలేదు. మొదటి చుట్టు బాగానే వచ్చింది. రెండోదీ వచ్చింది. ఆయన వేళ్లు మోకాలి మీద నాతో పాటే నడుస్తున్నాయి. మూడో చుట్టు చివరికొచ్చేసరికి మళ్లీ జారింది. ఆ జారిన స్వరం చెవిన పడగానే నాకు జొన్నాడ హాలు గుర్తొచ్చింది. నా వేలు చేసిన తప్పే అయినా, మాస్టార్ని చూసి నేను నేర్చుకున్నట్టుగా వినపడింది.