ఎడమ కాలికి తెలిసిన పని

మా ఆయన పోయాక, తెనాలి నుంచి బాపట్లలో ఉద్యోగానికి వెళ్లిరావడానికి కారు కొనాలనుకున్నాను. నాకు డ్రైవింగ్ రాదు. “క్లచ్చూ గేర్లూ నీవల్ల కాదు వదినా, ఆటోమేటిక్ కొనుక్కో,” అన్నాడు మరిది. సరేనన్నాను.

ఆ వారమే బస్సులో, పక్క వరసలో కూర్చున్న ఒక రిటైరైన డ్రైవరు నా పాదాల వంక చూసి అడిగారు.

“ఏ బండి నడుపుతారమ్మా?”

“నాకు రాదండి.”

“భలేవారే! బస్సు గేరు మారినప్పుడల్లా మీ ఎడమ కాలు నొక్కుతుంటేనూ!”

నేను గమనించనే లేదు. పదకొండేళ్లు మా ఆయన కారు నడుపుతుంటే పక్కన కూర్చున్నానని చెప్పాను.

“కాలికి వచ్చేసిందమ్మా. ఇక చేతికి నేర్పండి,” అన్నారాయన.

గేర్ల కారే కొన్నాను. నేర్చుకుని ఒంటరిగా బయల్దేరిన మొదటిరోజు, పొన్నూరు సెంటర్లో నాలుగుసార్లు ఆగిపోయింది. వెనక ఆటోవాళ్లు హారన్లు కొట్టారు. కొట్టనిచ్చి, ఐదోసారి స్టార్ట్ చేశాను.