సభలో అడిగిన ప్రశ్నలు: లేవు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న ఒక అర్జీ రాశాడు. మాది కోడూరు దగ్గర పల్లె. రెండున్నర ఎకరాల కౌలు వ్యవసాయం. సముద్రం పోటెత్తినప్పుడల్లా మురుగుకాలవ వెంబడి ఉప్పునీరు ఎగదన్నుకొచ్చి వరి మళ్లలో నిలిచేది. కరకట్ట పొడవునా నడిచి నాన్న తూములన్నీ స్వయంగా చూసొచ్చాడు. ఏడు తూముల్లో నాలుగింటికి తలుపుల్లేవు. మిగతా మూడింటివి తుప్పు పట్టి కిందికి దిగవు. అర్జీలో ఆ సంగతి రాసి, దాని కింద మరో వాక్యం చేర్చాడు: "తలుపులు లేని ఇంట్లోకి దొంగ వచ్చినట్టు సముద్రం మా పొలాల్లోకి వస్తున్నది." ఆ వాక్యం ఆయనకు ఎంత నచ్చిందంటే, పొయ్యి దగ్గరున్న అమ్మను పిలిచి మరీ వినిపించాడు. ఊరంతా తిరిగి సంతకాలు, వేలిముద్రలు పెట్టించాడు.

అప్పటి మా ఎంపీ గారిల్లు గుడివాడలో. ఆయన పేరు చెప్పను. ఏ పార్టీయో కూడా చెప్పను.

"పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో చూద్దువుగాని, రా అమ్మడూ" అని నాన్న నన్ను కూడా తీసుకెళ్లాడు. అవనిగడ్డలో బస్సు మారి మొవ్వ మీదుగా వెళ్లాం. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని దారంతా ఆయన సీటుకు ఆనుకోలేదు.

వరండాలో పది మంది కుర్చీల్లో కూర్చుని కాఫీలు తాగుతున్నారు. ఎంపీ గారు అర్జీ అందుకుని కొంచెం చదివి, నవ్వి, తిరిగి నాన్న చేతిలోనే పెట్టాడు.

"మీరే చదవండి. మీ నోటితో వింటే బాగుంటుంది."

నాన్న నిలబడి చదివాడు. దొంగ వాక్యం రాగానే ఎంపీ గారు తొడ చరుచుకుని నవ్వాడు. ఆయన నవ్వాడని అందరూ నవ్వారు.

"ఏవండోయ్, మన దివిసీమలో కవిగారున్నారండీ!"

ఇంతలో ఇంకెవరో వచ్చారు. "మళ్లీ చదవండి కవిగారూ, ఈయన వినలేదు." నాన్న మళ్లీ చదివాడు. మరొకాయన వచ్చాడు. మూడోసారి చదివేటప్పుడు నాన్న ఆ వాక్యం దాటేశాడు.

"అసలుది వదిలేశారే! ఆ దొంగ ముక్క చదవండి."

చదివాడు. ఆ తర్వాత అర్జీ ఒక గుమాస్తా చేతిలోని కట్టలోకి వెళ్లిపోయింది. "ఢిల్లీ తీసుకెళ్తాలెండి" అన్నాడు ఎంపీ గారు, అప్పటికే ఇంకెవరివైపో తిరిగి. కూర్చోమని మాత్రం నాన్నను ఒక్కరూ అనలేదు.

తిరుగు బస్సులో నాన్న "పని అవుతుందిలే" అని ఒక్క మాటన్నాడు. వారం తిరక్కుండానే ఈ సంగతి మా ఊరికి చేరింది. టీకొట్టు దగ్గర, ధాన్యం కాటా దగ్గర, అందరికీ ఆయన కవిగారైపోయాడు. మా పొలం మూడేళ్లలో చవుడుబారింది. ఆ తర్వాత నాన్న ఉత్తరమన్నది రాయలేదు. నా కాలేజీ దరఖాస్తు కూడా నన్నే నింపుకోమని సంతకం పెట్టాడు.

ఆ మనిషి మీద కసి నాతోపాటే పెరిగింది. ఒక ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. ఊరంతా టపాకాయలు కాల్చింది కానీ నాకేం తృప్తి కలగలేదు. ఓడించింది ఎవరో. నేను కాదు.

ఇప్పుడు నాకు బందరులో, కోనేరు సెంటర్ దగ్గర డీటీపీ షాపుంది. అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. రెండేళ్ల కిందట రిటైరైన చరిత్ర లెక్చరరు గారొకరు ఒక పని తెచ్చారు. మొదటి ఎన్నికల నుంచి మా వైపు నుంచి పార్లమెంటుకు వెళ్లినవాళ్లందరి చరిత్ర రాస్తున్నారాయన. రంజాను నెలలో ఉపవాసముండి కూడా నా పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దేవారు.

"మొదట వెళ్లినాయన ఏ రాష్ట్రం నుంచి వెళ్లాడో తెలుసా అమ్మాయ్? మద్రాసు నుంచి. ఆ తర్వాత ఆంధ్ర. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్. విడిపోకముందు నలభై రెండు మంది వెళ్లేవాళ్లు లోక్‌సభకి. రాష్ట్రం విడిపోయాక ఇరవై ఐదు మంది. మనం ఉన్నచోటే ఉన్నాం, మన రాష్ట్రమే మారుతూ వచ్చింది."

పుస్తకాన్ని ఎవరు ఆవిష్కరిస్తారని అడిగాను. బతికున్న మాజీల్లో పెద్దవాడని ఆ గుడివాడ ఆయన పేరే చెప్పారు. నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"మాష్టారూ, పుట్టిన తేదీలూ మెజారిటీలూ ఎవరిక్కావాలండీ? ఒక్కొక్కరు సభలో ఏం అడిగారో కూడా వేద్దాం. పార్లమెంటు వెబ్‌సైట్‌లో అన్నీ ఉన్నాయి, నేను వెతికి పెడతాను."

ఆయన ఎంతో సంతోషించారు.

నెలరోజులపాటు మధ్యాహ్నాలు షాపు ఖాళీగా ఉన్నప్పుడు వెతికాను. ఒకాయన ఓడరేవు గురించి అలుపు లేకుండా అడిగాడు. మరొకాయన రైళ్ల గురించి. గుడివాడ ఆయన పేరు కొడితే ఏమీ రాలేదు. ఇంటిపేరు ముందూ వెనకా మార్చి కొట్టాను. రాలేదు. నాకు పండగలా అనిపించింది. అయినా చివరికి ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం మార్చి చూశాను.

ఒకటి వచ్చింది. రాతపూర్వకంగా అడిగిన ప్రశ్న. దివిసీమ కరకట్టకున్న ఏడు తూముల్లో నాలుగింటికి తలుపులు లేవనీ, మూడు పనిచేయవనీ, తలుపులు లేని ఇంట్లోకి వచ్చినట్టు సముద్రం పొలాల్లోకి వస్తున్నదనీ ప్రభుత్వానికి తెలుసా? తెలిస్తే తీసుకున్న చర్యలేమిటి? కింద జవాబు: అలాంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు.

దొంగను మాత్రం తీసేశారు. మిగతాదంతా మా నాన్నదే.

ఆ వెబ్‌సైట్ మూసేసి, పుస్తకంలో ఆయన పేజీలో టైపు చేశాను: సభలో అడిగిన ప్రశ్నలు: లేవు.

"మొత్తం చూశావా అమ్మాయ్?" అని మాష్టారు అడిగారు.

"చూశానండి."

సభ రోజు హాలు నిండింది. ఆవిష్కరణ అయ్యాక నేనే మైకు దగ్గరికెళ్లి అడిగాను. "సార్, మీ పేజీ మీ నోటితో వింటే బాగుంటుందండీ. నిలబడి చదవండి."

ఆయన మురిసిపోతూ లేచాడు. పుట్టిన ఊరు, చదువు, గెలిచిన సంవత్సరం గట్టిగా చదివాడు. ఆ వాక్యం దగ్గరికొచ్చి మనసులో చదువుకుని ఆగిపోయాడు.

"ఇంకో ముక్క ఉందండీ. వదిలేశారు" అన్నాను.

చదివాడు. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందు వరసలదాకా పాకింది.

"ఒకటి అడిగానమ్మా" అన్నాడాయన, మైకు పట్టుకుని. "కోడూరు వైపు నుంచి ఒకాయన అర్జీ తెచ్చాడు. భలే రాశాడు. తలుపుల్లేని ఇల్లు అని... అదే అడిగాను నేను. అలాగే అడిగాను."

"రికార్డులో లేదండి" అన్నాను.

హాలంతా గొల్లుమంది. ఆయన కుర్చీ కోసం చెయ్యి చాచి తడుముకున్నాడు. నేను కదల్లేదు. ఎవరో పట్టుకుని కూర్చోబెట్టారు.

ఇంటికెళ్లి నాన్నకు జరిగింది చెప్పాను. అర్జీలోదే అడిగానని ఆయన అన్న ఒక్క మాటా తప్ప అంతా చెప్పాను. నాన్న పడీపడీ నవ్వాడు. కళ్ల నీళ్లు తుడుచుకుని "మళ్లీ చెప్పు, ఎలా ఆగిపోయాడు?" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన అలా నవ్వగా నేను చూసి ముప్పై ఏళ్లు దాటింది.

పది రోజులకు మాష్టారు షాపుకొచ్చి ఒక ప్రింటు తీసి నా ముందు పెట్టారు. హాల్లో ఎంపీ గారు అన్న మాట మనసులో పెట్టుకుని తనే వెతికారట.

"ఇది నీ కంటపడలేదా?"

"పడిందండి."

ఆయన కోప్పడలేదు. ఎందుకని మాత్రం అడిగారు. గుడివాడ వరండా గురించి చెప్పాను. అంతా విని, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

"మీ నాన్నగారికి తెలుసా, ఆ అర్జీ పార్లమెంటుదాకా వెళ్లిందని?"

"తెలియదండి."

"ఆ మనిషిని ఏం చేసుకున్నా సరే అమ్మాయ్. ఇది మాత్రం మీ నాన్న సొత్తు కదా."

సవరణ చీటీ వేయాలన్నారు. నేనే టైపు చేశాను, నేనే అచ్చు తీశాను. లైబ్రరీలకెళ్లి దొరికిన ప్రతి కాపీలో ఇద్దరం కలిసి అంటించాం. గుడివాడకు మాష్టారే వెళ్లి ఒక కాపీ ఇచ్చొచ్చారు. ఆయన ఏమన్నాడో మాష్టారు చెప్పబోతే వద్దన్నాను.

మా ఇంట్లో నాన్న దగ్గరున్న కాపీలో చీటీ అంటించలేదు. అర్జీ వెళ్లిందని తెలిస్తే నాన్న సంతోషిస్తాడు, నాకు తెలుసు. కానీ వెంటనే ఆ మనిషిని క్షమించేస్తాడు. అది నాకిష్టం లేదు.