అడుగు మునిగేదాకా నీళ్ళు

అందరూ బాగున్నారా? కోదాడలో హాస్టళ్ళు నడుపుకుంటున్న మన ఊరివాళ్ళు బాగున్నారా, ఈ ఎండలకు మీ పిల్లలకు వడదెబ్బ ఏమీ తగల్లేదు కదా? సూర్యాపేటలో మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న మా వియ్యపురాలు మెట్లు ఎక్కగలుగుతోందా? మిర్యాలగూడ రైసుమిల్లుల్లో పనికి పోయినవాళ్ళకు ఊక దుమ్ము దగ్గు తగ్గిందా? మేళ్లచెరువు వైపు లారీలు తోలేవాళ్ళు వేళకు ఇంత తింటున్నారా? ఒక్కొక్కరినీ అడగందే నాకు కుదురుండదు, అది మీకు తెలిసిందే. మీరంతా క్షేమమే అనుకుని ఈ మాట రాస్తున్నాను. మన కంచ వాచరు ఇక లేడు.

సూర్యాపేట దవాఖానాలో, గురువారం పొద్దున పోయాడు. జ్వరంతో మొదలై ఛాతీకి పాకింది. ఐదో రోజుకు మనిషి లేడు. రోడ్డంతా వోట్ల జీపులు, మైకులు. వాటి మధ్య నుంచే ఊరికి తెచ్చుకున్నాం.

మన బడిలో చదివినవాళ్ళు అచ్చువేసే ఈ చిన్న పుస్తకంలో ఆయన గురించి చదువుకున్నవాళ్ళు ఎవరైనా రాస్తే బాగుండేది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఒత్తులు తప్పితే మీరే దిద్దుకోండి. కానీ ఆయన సంగతి ఒకటి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకని నేనే రాస్తున్నాను.

ఊరు విడిచి పోయినా కంచ మీకు గుర్తుండే ఉంటుంది. బడి ఎగ్గొట్టి తునికి పండ్లకు, పరికి పండ్లకు పోయింది అక్కడికే కదా. ఇప్పుడది సర్కారు కాపలా పెట్టిన అడవి, చిన్నదే. ఈ చివర నిలబడి అరిస్తే ఆ చివరికి వినబడుతుంది. దొరల కాలంలో ఆ గడ్డి వాళ్ళ పశువులదేనని మా అత్త చెప్పేది. మన గొర్రె ఒక్కటి లోపల కాలు పెడితే పట్టుకుపోయి బందెలదొడ్డిలో కట్టేసేవాళ్ళట. దొరలు పోయాక సర్కారుదైంది. ఆ తర్వాత దాన్ని సున్నపు బట్టీలు తిన్నాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో చండ్ర, తునికి, మోదుగ ఎంత దట్టంగా ఉండేవంటే, మనిషి పది అడుగులు లోపలికి వేస్తే కనబడేవాడు కాదు. నా పిల్లలు పెద్దయ్యేసరికి అదంతా బట్టీల్లో కాలిపోయి మోడులు మిగిలాయి. కంచ అనడం కూడా మానేసి మోడులగడ్డ అనేవాళ్ళం.

పదకొండేళ్ళ కింద ఆయన వాచరుగా వచ్చింది ఆ మోడులగడ్డకే. వచ్చిన వారానికే నాకూ ఆయనకూ లొల్లి అయింది. మా గొర్రెలు లోపల ఉన్నాయి.

"ఎవలిది ఈ మంద?"

"మాదే. కొత్తగొచ్చినట్టున్నవ్. మోడులల్ల ఏమున్నదని కావలి కాస్తున్నవ్?"

ఆయన కోపం చేయలేదు. ఒక మోడు దగ్గర గొంతుకూర్చుని ఎండుటాకులు పక్కకు తీశాడు. అడుగున వేలెడంత పిలకలు, ఎర్రగా, నాలుగో ఐదో ఉన్నాయి.

"ఇగో, గీటిని కాస్తున్న. మోడు సావలేదక్కా, పండుకున్నది. ఇయ్యాల్నే కండ్లు తెరిసింది. నీ గొర్రె వచ్చి ఆ కండ్లల్ల పొడుస్తున్నది."

మందను మలుపుకుని వచ్చాను. ఆ తర్వాత ఎన్నో రోజులు చూశాను. ఒక్కో మోడు దగ్గరా కూర్చుని, బలమైన పిలకను ఒకదాన్ని ఉంచి, బక్కవాటిని కత్తితో తీసేసేవాడు. మోడులు ఎన్ని ఉన్నాయో, ఆయన అన్నిసార్లు కూర్చున్నాడు. ఎప్పుడు తమ్మీ అని పిలవడం మొదలుపెట్టానో గుర్తులేదు.

కంచలోకి పోయేముందు రెండుసార్లు దగ్గేవాడు. జలుబేమో, కషాయం కాచి ఇవ్వాలేమో అని నాకు దిగులు పట్టుకుంది. అడిగితే నవ్వాడు. "మంది ఇంటికి పోతున్నం గదక్కా. చెప్పకుంట పోతే బాగుంటదా?" సైకిలు గంటకు గుడ్డపేలిక చుట్టి ఉంచేవాడు, మోగకుండా. పిలకలు కొమ్మలయ్యాయి. ముందు కుందేళ్ళు వచ్చాయి, ఆ వెనక కంజు పిట్టలు, ఉడుములు, ముంగిసలు. ఒక వానాకాలం సాయంత్రం కంచలో ఏదో గట్టిగా అరిచింది. ఎవరి పసిపిల్లో తప్పిపోయి ఏడుస్తోందని చెప్పులు లేకుండా పరుగెత్తాను. ఆయన గట్టు మీద నిలబడి నోటి మీద వేలు పెట్టాడు. "పిల్ల గాదక్కా, నెమలి. మనూరికి నెమలొచ్చింది." ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదలు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ మరుసటి ఏడు రాళ్ళ పక్కన గడ్డిలో నెమలి గుడ్లు ఐదు కనబడ్డాయి. పక్కనే ముంగిస తిరుగుతోంది. నా మనసు ఆగలేదు. ఐదింటినీ కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చి మా కోడి కింద పొదగేశాను. మంచిపని చేశానని ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు.

"తల్లి నోట్ల మట్టి కొట్టినవ్ గదక్కా."

ఇద్దరం పోయి గుడ్లను మళ్ళీ గడ్డిలో పెట్టి, దూరంగా కూర్చుని చూశాం. తల్లి రాలేదు. రెండో రోజూ రాలేదు. గుడ్లు మురిగిపోయాయి. నేను ఏడుస్తుంటే ఆయన తిట్టలేదు. "భయపడుడు తప్పు గాదు. భయపడి చెయ్యి పెట్టుడు తప్పు. భయమైనప్పుడు నాకు చెప్పు. నాకు రెండే కండ్లున్నయ్. నీ పరేషాన్ నాకు పనికొస్తది" అన్నాడు.

ఆనాటి నుంచి నా భయాలన్నీ ఆయనకే చెప్పేదాన్ని. అటు పొగ లేస్తోంది తమ్మీ, గొడ్డలి చప్పుడు వినబడింది తమ్మీ, ఎవరో ఉచ్చులు పెట్టే మనిషిలా ఉన్నాడు తమ్మీ. పదింటిలో తొమ్మిది ఉత్తవే. ఆ తొమ్మిదింటికీ లేచి పోయేవాడు. ఊళ్ళో నా భయం విని నవ్వనివాడు ఆయనొక్కడే. మా ఇంటాయన మాత్రం ఊరుకునేవాడా?

"నీ భయాలకు సర్కారు నౌకరి దొరికింది పో" అనేవాడు.

"జీతం లేని నౌకరి బావా, నా లెక్కనే" అని వాచరు నవ్వేవాడు. నిజంగానే ఆయన జీతం ఎప్పుడు వచ్చేదో ఎప్పుడు రాదో ఎవరికీ తెలియదు.

గుంట కట్టింది ఆ తర్వాతే. ఊరవతల సున్నపురాయి క్వారీలో పేలుళ్ళకు కంచలోని ఊట ఎండిపోయిందని ఆయన అనేవాడు. ఎండాకాలం నెమళ్ళు నీళ్ళకు ఊళ్ళోకి వచ్చి కుక్కల పాలవుతున్నాయి. చండ్రచెట్ల నడుమ పళ్ళెంలా గుంట తవ్వి, సిమెంటు అడిగి తెచ్చి, తనే పూసుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయనా నేనూ పోయి చూసేసరికి, పచ్చి సిమెంటు మీద, లోపలి వాలులో, నెమలి అడుగు ఒకటి దిగబడి ఉంది. మూడు వేళ్ళు, వెనక చిన్న మడమ. ఆయన చదును చేద్దామని తాపీ తీసి, ఆగిపోయాడు.

"ఉండనియ్ అక్కా. కొలత దొరికింది. నీళ్ళు ఈ అడుగును ముంచాలె. అడుగు కనబడ్డదంటే మనం తప్పినట్టు."

ప్రతి ఎండాకాలం రోజు విడిచి రోజు, ఊరి చివర బోరింగు కొట్టి, సైకిలుకు రెండు డబ్బాలు కట్టుకుని పోసి వచ్చేవాడు. ఎదురుపడితే నేను వేరే ఏమీ అడిగేదాన్ని కాదు. "అడుగు మునిగిందా తమ్మీ?" "మునిగిందక్కా." మా పలకరింపు అంతే. ఏళ్ళ తరబడి అంతే.

ఆదివారం ఆయన్ను ఆటోలో కోదాడ దవాఖానాకు తీసుకుపోతుంటే పోయి నిలబడ్డాను. ఒళ్ళు కాలిపోతోంది. నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, గుంట."

"నువ్వు పోయి సల్లగ రా తమ్మీ. గది నేను సూసుకుంట."

ఆ సాయంత్రం ఒక బిందె పోశాను. మర్నాడు పొద్దున ఆయన భార్య ఫోను చేసింది. "వదినె, సూర్యాపేటకు తీస్కపొమ్మన్నరు. నాకు కాళ్ళు చేతులు ఆడుతలేవు." మా ఇంటాయన వారం ముందే మందతో వేములపల్లి వైపు పోయి ఉన్నాడు, కోసిన వరిమళ్ళలో మంద కట్టడానికి. ఇంటికి తాళం వేసి నేను సూర్యాపేట పోయాను. సీసాలో మందు నీళ్ళు అయిపోవస్తున్నాయా, ఆయన భార్య అన్నం తిన్నదా, పిల్లలకు ఫోను చేశారా, డాక్టరు మొహం ఎట్లా ఉంది, అన్నిటికీ భయపడ్డాను. మూడు రోజులు. గుంట మాత్రం ఒక్కసారి కూడా మతికి రాలేదు. పుట్టినప్పటి నుంచి అన్నిటికీ దిగులు పడ్డదాన్ని, దిగులు పడమని ఒక మనిషి చేతిలో పెట్టిన ఒక్కదాన్నే మరిచాను.

బుధవారం మధ్యాహ్నం ఆయన కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు.

"అడుగు మునిగిందా అక్కా?"

ఎప్పుడూ నేను అడిగే మాట. "మునిగింది తమ్మీ. నిండుగున్నది" అన్నాను.

"నువ్వు ఈడుంటివి. ఎవలు పోసిన్రు?"

"మీ బావ పోసిండు."

పెదాలు ఎండిపోయి ఉన్నా నవ్వాడు. "బావ మంద వేములపల్లిల ఉన్నది గదక్కా." నేను తల వంచుకున్నాను. ఆయన చెయ్యి మెల్లగా నా చెయ్యి మీదకు వచ్చింది. "పోనియ్. రేపన్న నీళ్ళు పొయ్యి" అన్నాడు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అది. ఆ రేపు పొద్దునే పోయాడు.

దహనం అయిన మర్నాడు బిందె పట్టుకుని కంచకు పోయాను. లోపలికి పోయేముందు రెండుసార్లు దగ్గబోయాను. దగ్గు రాలేదు, ఏడుపు వచ్చింది. గుంట ఎండి తెల్లగా ఉంది. అడుగు కనబడుతోంది, మూడు వేళ్ళూ మడమతో సహా. ఎండకు సిమెంటు నెర్రె విచ్చింది. గుంట అడుగున గీరిన గుర్తులున్నాయి. ఏవో గోళ్ళు, చాలాసేపు గీరినట్టున్నాయి. చచ్చినదేదైనా కనబడుతుందేమోనని పొదలన్నీ వెతికాను. కనబడలేదు. కనబడకపోతే బతికున్నాయనా, ఇంకెక్కడో పడిపోయాయనా? ఎవరిని అడగాలి? అడిగే మనిషే పోయాడు.

ఆ రోజు నాలుగు బిందెలు పోశాను. నెర్రె తాగేసింది. తర్వాత రోజూ పోస్తున్నాను, పొద్దున రెండు, సాయంత్రం రెండు. నా మోకాళ్ళకు అంతకంటే చేతకాదు. మా ఇంటాయన మందను వదిలి వచ్చి, ఈసారి ఏమీ అనకుండా ఇంకో బిందె అందుకున్నాడు. అయినా వేళ్ళ కొసలదాకానే వస్తాయి నీళ్ళు, తెల్లారేసరికి ఇంకిపోతాయి. కొత్త వాచరును ఎప్పుడు వేస్తారో తెలియదు. వానలకు మృగశిర రావాలి. అప్పటిదాకా ఆ నోళ్ళు ఎట్లా ఆగుతాయి?

నిన్న పొద్దున గుంట గట్టున తడిమట్టిలో కొత్త అడుగు ఒకటి చూశాను. మూడు వేళ్ళు, చిన్న మడమ. సిమెంటులోని దానంతే ఉంది. ఏదో ఒకటి వస్తోంది. వచ్చి, ఉన్న కాసిన్ని తాగి పోతోంది. ఆయనకు అబద్ధం చెప్పాను. దాన్ని నిజం చేయడానికి నా ఒక్కదాని బిందె చాలడం లేదు.

అందుకని అడుగుతున్నాను. ఆ పండ్లు తిని పెరిగినవాళ్ళు ఒక్కపూట రండి. తాపీపని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందురోజే వచ్చి ఆ నెర్రె పూడ్చండి. పూడ్చేటప్పుడు ఆ అడుగులో సిమెంటు పడనీయకండి, మీ కాళ్ళు మొక్కుతాను. సైకిలు మీద వచ్చేవాళ్ళు గంటకు గుడ్డ చుట్టండి. లోపలికి పోయేముందు రెండుసార్లు దగ్గండి. ఎండకు తలకు తువ్వాల కట్టుకోవడం మరవకండి, ఎవరికైనా ఏమైనా అయితే నేను తట్టుకోలేను.

ఆయన నెలమాసికం నాడే పెట్టుకున్నాం. రోహిణి కార్తెలో మొదటి ఆదివారం, పొద్దున ఆరున్నరకు, బోరింగు దగ్గర. తలా ఒక బిందె.