కార్డు తీయబోయిన చెయ్యి

ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. ఊళ్లో అందరికీ దిమ్మిస. రోడ్డు వేసేవాళ్లు కంకర అణచడానికి ఎత్తి ఎత్తి కొట్టే బరువు ఉంటుందే, అది. ఆ పేరు పెట్టినవాడు సినిమా హాలు ముందు టికెట్లు బ్లాకులో అమ్ముకునే మనిషి. పెట్టిన క్షణాన వాడి ముందుపళ్లు రెండూ వాడి అరచేతిలోనే ఉన్నాయి కాబట్టి పేరు సరిగ్గా పలకలేకపోయాడు. అయినా చూస్తున్నవాళ్లందరికీ ఇట్టే అర్థమైంది.

దిమ్మిస ఆ హాలు గేటు దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేశాడు. కొత్త బొమ్మ పడిన రోజున గేటంటే గేటు కాదు, ఒక చిన్న యుద్ధం. చొక్కాలు చిరిగేవి, చెప్పులు లేచేవి, కటకటాల మధ్య ఇరుక్కున్న వేళ్లు విరిగేవి. చేరిన మొదటి ఏడాది, ఎదుటివాడి మొహంలో నవ్వు చూసి నమ్మి, చెవి నుంచి గడ్డం దాకా బ్లేడుతో గీయించుకున్నాడు. పదిహేడు కుట్లు. ఆస్పత్రికి చూడ్డానికొచ్చిన ముసలి గేట్‌మన్ పళ్లరసం సీసా చేతిలో పెట్టి, అసలు చదువు అప్పుడు చెప్పాడు. "మొహం చూడకురా. చెయ్యి చూడు. మాట ఆగిపోయి చెయ్యి జేబులోకి పోయిందంటే బ్లేడే. అది బయటికి రాకముందే నీది పడాలి." ఆ తర్వాత దిమ్మిస ఎవరి మొహమూ చూసి ఎరగడు. ఇరవై ఏళ్లలో అతని ఒంటి మీద మళ్లీ కుట్టు పడలేదు. ఎదుటివాళ్ల కుట్ల లెక్క మాత్రం అడక్కండి.

హాలు మూతపడ్డాక కష్టాలు మొదలయ్యాయి. గేటు దగ్గర పనికొచ్చిన చెయ్యి మరెక్కడా పనికిరాలేదు. కార్లు నిలిపే చోట కాపలా పెడితే, అమ్మను తిట్టిన డ్రైవరుకి ఒకటి తగిలించాడు. ఆ డ్రైవరు కుడిచెవి ఇవాళ్టికీ వినదు. చెప్పుల దుకాణంలో పెడితే, పెట్టె చంకలో పెట్టుకుని బయటికి పోతున్న దొంగను పట్టుకుని మెట్ల మీంచి తోసేశాడు. అడుగు మెట్టు దగ్గర మోకాలు చిట్లి పడున్న ఆ దొంగ, దుకాణం యజమానికి స్వయానా బావమరిది అని తేలింది.

అప్పుడే కూతురు హద్దు గీసింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. మొగుడి చెయ్యి మాటిమాటికీ లేస్తుంటే మూడేళ్లు ఓర్చి, ఒకరోజు పగిలిన కనుబొమ్మతో, పిల్లను చంకనేసుకుని బయటికొచ్చేసిన మనిషి. తల్లి పోయాక తండ్రిని తన రెండు గదుల ఇంట్లోకి తెచ్చుకుంది. ఆ దొంగ బావమరిది సంగతి విన్న రోజున అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"బయట లేచే చెయ్యి ఇంట్లో ఊరుకుంటుందంటే నేను నమ్మను నాన్నా. నాకు బాగా తెలుసు. ఇంకొక్క దెబ్బ. అది ఎవరి మీద పడినా సరే, నీ పెట్టె నేనే సర్దుతాను."

దిమ్మిస పళ్లెంలో అన్నం కలుపుకున్నాడు. ఆ ఇంట్లో అతనికి పెట్టె కంటే పెద్ద ఆస్తి ఒకటుంది. ఆరేళ్ల మనవరాలు. తల్లి పొద్దున్న డ్యూటీకి పోతే పిల్లకు జడ వేసేది తాతే. పళ్లు రాల్చిన ఆ వేళ్లే చిక్కు తీస్తుంటే పిల్ల కిక్కురుమనేది కాదు. అమ్మ వేస్తే మాత్రం ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది.

ఈలోగా మహమ్మారి వచ్చింది. పెద్ద సరుకుల కొట్టు వాకిట్లో మాస్కులు చూసే ఉద్యోగం దొరికింది. ఒక చేత్తో నుదుటి మీద వేడి చూసే తుపాకీ లాంటిది పట్టుకోవాలి, నోటితో దండం పెట్టినట్టు మాట్లాడాలి. కుడిచేతికి ఆ తుపాకీ పని ఉన్నంతకాలం వేరే పని గుర్తు రాదని దిమ్మిస సంతోషించాడు. నిజంగానే ఎనిమిది నెలలు ఎవరినీ ముట్టలేదు.

ముట్టాలనిపించే మనుషులు రాలేదని కాదు. మాస్కును గడ్డానికి ఉయ్యాలలా కట్టుకొచ్చే పెద్దమనిషి ఒకడు, "ఉంది కదయ్యా, ఎక్కడుండాలో కూడా నువ్వే చెబుతావా?" అనేవాడు. ఒక జంట ఒకే మాస్కుతో వచ్చేది. మొగుడు లోపలికెళ్లి ఉల్లిపాయలు ఏరుకుని బయటికొచ్చి, అదే మాస్కు విప్పి భార్యకిచ్చేవాడు. ఆవిడ లోపలికెళ్లి, ఆ ఉల్లిపాయలు బాగాలేవని వెనక్కి పెట్టించేది.

కార్డులతోనే పెద్ద చిక్కు వచ్చిపడింది. ఊపిరి జబ్బులాంటివి ఉన్నవాళ్లకి మాస్కు నుంచి మినహాయింపు అని డాక్టరు కార్డు రాసిస్తాడు. వారం తిరక్కుండా మూల మీది జిరాక్సు దుకాణంలో అవే కార్డులు అట్ట వేసి మరీ దొరకసాగాయి. అలాంటి దొంగ కార్డు పట్టుకుని వచ్చిన ఒక బలిసిన మనిషి, దూరం జరగమన్న పాపానికి బిల్లు కౌంటరు అమ్మాయి మొహం మీద ఖాండ్రించి ఉమ్మేసి పోయాడు. పదో రోజుకి ఆ అమ్మాయి దిమ్మిస కూతురి వార్డులోనే ఆక్సిజన్ మీద ఉంది. అప్పట్నించీ బోసి మొహం కనిపిస్తే చాలు, క్యూ మొత్తం పళ్లు నూరేది. నూరుతున్నవి గుడ్డ వెనక కాబట్టి కనపడేవి కావు, అంతే.

ఆ రోజు ఉదయం పదకొండైంది. వేడి చూసే తుపాకీలో బ్యాటరీ అయిపోయి, దిమ్మిస కుడిచెయ్యి ఖాళీగా ఉంది. క్యూలో పాతికమంది. అప్పుడొచ్చాడు ఒక బక్కపలచని మనిషి, కోటు కాలరు పైకెత్తుకుని, గాలికి మొహం ఓరగా తిప్పుకుని, మాస్కు లేకుండా. నాలుగు వీధుల అవతల గడియారాలు బాగుచేస్తాడని తర్వాత తెలిసింది.

మాస్కేదని దిమ్మిస మర్యాదగానే అడిగాడు. ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు. క్యూలోంచి ఎవరో ఉమ్మడానికొచ్చావా అని అరిచారు. అతను ఏదో చెప్పడానికి నోరు తెరిచి, చటుక్కున మూసేశాడు. మాట ఆగిపోయింది. చెయ్యి కోటు లోపలి జేబులోకి పోయింది.

దిమ్మిస మొహం చూడలేదు. పిడికిలి దాని దారిన అది వెళ్లి ఎడమ బుగ్గ మీద, దవడ ఎముక దగ్గర పడింది.

అప్పుడు లేచిన కేక లాంటిది దిమ్మిస తన జన్మలో వినలేదు. దెబ్బ తిన్నవాళ్లు ఒకసారి అరుస్తారు, తర్వాత తిడతారు. ఈ మనిషి బుగ్గను చేత్తో పట్టుకోవడానికి కూడా భయపడుతూ, చేతులు గాల్లో పెట్టుకుని, నేల మీద పడి గిలగిలా కొట్టుకుంటూ ఒకటే అరుపు. జేబులోంచి జారిన కార్డు దిమ్మిస బూటు పక్కన పడింది. వంగి తీసి చూస్తే దాని మీద ఆస్పత్రి ముద్ర ఉంది, డాక్టరు సంతకం ఉంది. మొహంలో నరం జబ్బు, బుగ్గకి గుడ్డ తగిలినా, గాలి తగిలినా, మాట్లాడినా భరించలేని నొప్పి వస్తుంది, మాస్కు నుంచి మినహాయింపు అని రాసుంది.

క్యూ చప్పట్లు కొట్టింది. కొట్టినందుకు దిమ్మిసకి చప్పట్లు పడటం జీవితంలో అదే మొదటిసారి. చప్పట్లు ఆగకముందే కాళ్లు మొదలయ్యాయి. పాలప్యాకెట్ల కోసం రోజూ వచ్చే రిటైర్డు మేష్టారు బూటుతో నడుము మీద తన్నాడు. ఒకావిడ గొడుగు తిరగేసి పట్టుకుని పొడిచింది. అందరికంటే గట్టిగా తన్నినవాడు గడ్డానికి మాస్కు కట్టుకునే పెద్దమనిషే.

ఆగండి, కార్డుంది అని దిమ్మిస అరిచాడు. గుడ్డలోంచి ఎవరికీ వినపడలేదు. మాస్కు లాగేసి అరిచాడు. అంతే, అతనూ బోసి మొహం వాడైపోయాడు. గొడుగు మొన పెదవిని రెండుగా చీల్చింది. నోట్లో ఉప్పగా రక్తం. చెయ్యెత్తితే ఆ గుంపులో నలుగురైనా నేలకరిచేవారు, అది అతనికీ తెలుసు. ఎత్తలేదు. గడియారాల మనిషి మీద బోర్లా పడి, అతని ఎడమ బుగ్గ నేలకి తగలకుండా, తన ఒంటికి తగలకుండా, మోచేతుల మీద వంతెనలా నిలబడ్డాడు. వీపు మీద బూట్లు పడ్డాయి. ఎవరో సరుకుల బండిని పరిగెత్తించుకొచ్చి పక్కటెముకల్లోకి గుద్దారు. లోపల ఏదో టక్కుమంది. ఎలాగో కార్డు జేబులో దోపుకుని, ఆ మనిషిని చంకల కింద పట్టుకుని సరుకుల గదిలోకి ఈడ్చి గడియ పెట్టాడు. లోపల సబ్బుల పెట్టెల మధ్య ఆ మనిషి అతన్నించి దూరంగా, మూలకి పాకుతూ వెళ్లాడు. బయట తలుపు ఊగిపోతోంది.

పోలీసులొచ్చేసరికి కథ తయారైపోయింది. దొంగ కార్డువాడు గేటు పెద్దాయన్ని చావబాదాడు, మేమే ఆపాం అని పాతికమంది ఒక్క నోటితో చెప్పారు. గడియారాల మనిషి నోరు తెరవలేడు. కానిస్టేబులు దిమ్మిస చిరిగిన పెదవి, వంగిన నడుము చూసి జాలిపడ్డాడు.

"ఇతనేనా పెద్దాయనా, నిన్ను కొట్టింది?"

దిమ్మిసకి ఆ క్షణంలో ఆ మనిషి కనపడలేదు. మంచం కిందున్న తన పెట్టె కనపడింది. కూతురు దాన్ని బయటికి లాగుతున్న చప్పుడు వినపడింది. తల దించేసుకున్నాడు. కానిస్టేబులు దాన్ని అవునని రాసుకున్నాడు. గడియారాల మనిషిని రెక్క పుచ్చుకుని జీపెక్కించారు. గాలికి బుగ్గ తిప్పుకోబోతే, పారిపోతాడేమోనని మెడ పట్టి తిన్నగా కూర్చోబెట్టారు.

ఇంటికి చేరేసరికి కూతురు డ్యూటీ మధ్యలో సెలవు పెట్టి వచ్చేసి ఉంది. ఎవరో ఫోన్లో తీసిన వీడియో, దొంగ కార్డువాడు కొట్టాడన్న కథతో సహా, అప్పటికే వార్డంతా తిరిగింది. దానిలో మొదటి దెబ్బ లేదు. తన్నుతున్న కాళ్లు ఎవరివో తెలియదు. మాస్కు లేని మనిషి మీద బోర్లా పడి, దెబ్బలు తింటూ చెయ్యెత్తని దిమ్మిస మాత్రమే ఉన్నాడు. ఆమె దీపం దగ్గరికి లాక్కుని, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి పెదవికి కుట్లు వెయ్యడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు. వార్డులో అందరికీ చూపించానని చెప్పింది. మా నాన్న అని గర్వంగా చెప్పుకున్నానంది. పక్కనే నిలబడ్డ మనవరాలు తాత మోకాలి మీద చెయ్యి వేసి, కుట్టు పడినప్పుడల్లా తనే కళ్లు గట్టిగా మూసుకుంటోంది.

"అన్ని దెబ్బలు పడుతున్నా తిరిగి ఒక్క దెబ్బ వెయ్యలేదు నాన్నా. నేనే నిన్ను నమ్మలేదు."

పెళ్లయిన ఇన్నేళ్లలో కూతురు అతనితో అంత మెత్తగా మాట్లాడింది లేదు. నోరు మూసుకుంటే చాలు. కుట్లు పడుతున్న నోరు, మూసుకుని ఉండటానికి అంతకంటే మంచి సాకు ఎవరికి దొరుకుతుంది? మూడో కుట్టు పడగానే దిమ్మిస ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఆయన కొట్టలేదమ్మా. నేనే కొట్టాను."

జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ఆమె చదివింది. మళ్లీ చదివింది.

"ఎక్కడ కొట్టావు?"

అతను తన ఎడమ బుగ్గ చూపించాడు. ఆ జబ్బున్న మనిషి ఒకామె తన వార్డులో, దుప్పటి అంచు తగిలినందుకు గోడకేసి తల బాదుకోవడం ఆమె చూసింది. సూది తీసుకుని మిగిలిన రెండు కుట్లూ వేసింది. మొదటి మూడింటికంటే కాస్త గట్టిగానే పడ్డాయవి. దారం కత్తిరించి, పిల్లను పక్కింట్లో దింపి వచ్చి, చొక్కా మార్చుకోమంది.

ఇద్దరూ స్టేషన్‌కి వెళ్లారు. ఎస్సై రాసుకోనన్నాడు. సాక్షులు పాతికమంది, వీడియో ఉంది, కేసు నీట్‌గా ఉంది, నువ్వొచ్చి పాడుచెయ్యకు, ఇంటికెళ్లి పడుకో పెద్దాయనా అన్నాడు. పైగా చెయ్యి కలపబోయాడు. దిమ్మిస ఆ చెయ్యి అందుకోకుండా, వాచిన తన కుడి పిడికిలి బల్ల మీద పెట్టాడు. వేళ్ల కణుపుల మీద దవడ ఎముక తాలూకు గాట్లు వరసగా ఉన్నాయి.

"నన్ను కొట్టినవాళ్లు వేరే సార్. ఆయన్ని కొట్టింది ఇది. మీరు రాసుకునేదాకా ఇక్కడే కూచుంటాను."

రెండు గంటలు కూర్చున్నాడు. చివరికి ఎస్సై విసుక్కుంటూ రాసుకున్నాడు. అతని మీద కేసు పెట్టి, పిలిస్తే రావాలని కాగితమిచ్చాడు. గడియారాల మనిషిని లోపలి నుంచి తీసుకొచ్చారు. బుగ్గ నల్లగా ఉబ్బిపోయి కన్ను మూసుకుపోయింది. దిమ్మిసను చూడగానే రెండు చేతులూ మొహానికి అడ్డంగా, తగలకుండా, పెట్టుకున్నాడు. దిమ్మిస క్షమించమనబోయి, తను దగ్గరికి వెళ్లడమే ఆ మనిషికి శిక్ష అని తెలిసి ఉన్నచోటే ఉండిపోయాడు. కూతురు వెళ్లి కార్డు ఆయన చేతిలో పెట్టి, ఆటోలో పరదా దించి, ఆయన్ని తన ఆస్పత్రికే పంపింది.

మెట్లు దిగుతూ అప్పుడు మాట్లాడింది.

"ఆదివారం దాకా ఉండు. ఆస్పత్రి వెనక గదులు అద్దెకిస్తారు, నేనే చూస్తాను. పిల్ల నీ దగ్గరికి వస్తూపోతూ ఉంటుంది. నేనన్న మాట మాత్రం మార్చను."

"మార్చొద్దు" అన్నాడు దిమ్మిస.

ఇంటిదాకా నడిచే వెళ్లారు, ఆమె అతని మోచెయ్యి పట్టుకుని. వీడియో వాళ్లకంటే ముందే వీధులన్నీ తిరిగేసింది. మందుల షాపు మనిషి పరిగెత్తుకొచ్చి శభాష్ అన్నాడు. దిమ్మిస ఆగి, ఆయనకి నిజంగా కార్డుంది, కొట్టింది నేనే అని చెప్పాడు. ఆ మనిషి నవ్వు ఎటు పెట్టుకోవాలో తెలియక మాస్కు సర్దుకున్నాడు. తర్వాత ఇస్త్రీ బండి మనిషి, తర్వాత బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు, తర్వాత ఒకే మాస్కు జంట. ప్రతిసారీ కూతురు పక్కన నిలబడి, అతను మొత్తం చెప్పేదాకా ఆగింది. పెద్దమనిషైతే గడ్డం మాస్కు తడుముకుంటూ, తల మీద దెబ్బ తగిలి ఏదేదో అంటున్నావని ఓదార్చి పోయాడు.

వీధి మలుపు దగ్గరికొచ్చేసరికి కుట్టు ఒకటి ఊడి, పెదవి మళ్లీ కారుతోంది. ఎదురింటావిడ వాకిట్లోంచే రెండు చేతులూ జోడించి, ఆ దుర్మార్గుడికి శిక్ష పడిందా అమ్మా అని అడిగింది. దిమ్మిస నోరు తెరవబోయాడు. కూతురు చేతిరుమాలు అతని పెదవికి అదిమి పట్టి, ఆవిడకేసి తిరిగింది.

"ఆయన తప్పేం లేదండీ. మా నాన్నే కొట్టాడు."